చక్రాలు తీసిన ఇల్లు

గురుంగ్ మా మెట్లెక్కి వచ్చాడనీ, ఇచ్చిన మంచినీళ్ళు ముట్టకుండా "సాబ్, మీకొక మాట చెప్పాలి" అన్నాడనీ చెప్పి పోయినవారం ఆపాను కదూ. ఆ మాటేమిటో ఇప్పుడు చెబుతాను. కొత్తగా చదివేవాళ్ళు కూడా ఉంటారు కాబట్టి ఒక్కసారి వెనక్కి వెళ్ళి వస్తాను, పాతవాళ్ళు విసుక్కోకండి.

మా తమ్ముడు సదాశివరావు మిలిటరీలో బండ్లు బాగుచేసే పనిలో చేరి సుబేదారుగా రిటైరయ్యాడు. ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టరు ఖాళీ చేశాక వాడూ, మా మరదలు ఉమా, నేనూ ఘాజియాబాదు పక్కన వైశాలిలో అద్దెకు దిగాం. సాహిబాబాదులో ఒక రేకుల షెడ్డు తీసుకుని వాడు చక్రాల ఇళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. ఇనప చట్రం మీద చెక్క గోడలు, పైన రేకు, లోపల రెండు మంచాలు, చిన్న వంటగట్టు, వెనక స్నానాలగది. లారీకి తగిలిస్తే చాలు, ఎక్కడికి లాగితే అక్కడికి వస్తుంది. అలాంటివి రెండింటిని మిలిటరీ వేలంలో కొన్న పాత లారీతో ఒకదాని తరవాత ఒకటి సరిహద్దు దాటించి, నేపాల్లో పోఖరా దాకా లాక్కెళ్ళి పెట్టాడు.

ఆ దేశంలో పరాయివాళ్ళు నేల కొనడానికి లేదట. కొనకపోతే ఏం, నేల స్నేహితుడిది, పైన చక్రాల ఇల్లు మనది, చూడ్డానికొచ్చే విదేశీయులకు అద్దెకిచ్చి వచ్చింది చెరిసగం తీసుకుంటాం అన్నది మా వాడి ఆలోచన. ఆ స్నేహితుడే ఈ టేక్ బహదూర్ గురుంగ్. గూర్ఖా పటాలంలో హవల్దారుగా చేశాడు. మంచుకొండల్లో లారీ లోయలోకి జారినప్పుడు మా తమ్ముణ్ణి వీపున వేసుకుని పైకి తెచ్చినవాడు. అతని పొలం సరస్సు ఒడ్డునే ఉంది. అలా మావాడి సర్వీసు కష్టార్జితమంతా పోయి ఆ రెండు ఇళ్ళలో కూర్చుంది.

మొదట బాగానే నడిచింది. తరవాత సరిహద్దులో నేపాల్ కస్టమ్స్ ఆఫీసువాళ్ళు తాఖీదు పంపారు. మీరు తెచ్చిన రెండు బండ్లు గడువు దాటినా తిరిగి వెళ్ళలేదు, ఎక్కడున్నాయో చూపించండి అని. చూపించడానికేం, గురుంగ్ పొలంలోనే ఉన్నాయిగా అని వీడు జవాబు రాశాడు. వాళ్ళు మనిషిని పంపి వెతికించి, అక్కడ బండ్లేవీ లేవు పొమ్మన్నారు. అంతంతేసి ఇళ్ళు కనపడకపోవడం ఏమిటో అర్థంకాక మా వాడు జుట్టు పీక్కుంటూ ఉండగా గురుంగ్ వచ్చాడు. ఇదీ జరిగింది.

ఎండలు మండిపోతున్న రోజులు. కరెంటు పొద్దుననగా పోయింది. కూలరు చప్పుడు లేక ఇంట్లో ఒకరి ఊపిరి ఒకరికి వినపడుతోంది. పై అంతస్తులో ఉండే వకీలు భీమేశ్వరరావు గారు అప్పటికే మా కుర్చీలో కూర్చుని హిందీ పేపరు మడిచి విసురుకుంటున్నారు. ఆయనది రాజమండ్రి. తీస్ హజారీ కోర్టులో ప్రాక్టీసు. ఆయనతో ఇక్కడ లా చదివిన నేపాలీ ఒకాయన కాట్మండులో వకీలుగా ఉన్నాడట, ఈయన ఫోన్ చేసి అక్కడి సంగతులు కనుక్కుని వచ్చారు.

"ముందు నీళ్ళు తాగవయ్యా, వడకొట్టి పడిపోతావు" అన్నాను గురుంగ్‌తో.

"తాగుతాను దీదీ. చెప్పాక తాగుతాను."

అతను మాట్లాడేది హిందీయే. నేను మన మాటల్లో రాస్తున్నాను.

"నీ మాట తరవాత. ముందు నేనడిగేది చెప్పు" అన్నాడు తమ్ముడు. "ఇళ్ళు ఉన్నాయా లేవా?"

"ఉన్నాయి సాబ్."

"మరి ఆ కస్టమ్సువాడికి కళ్ళున్నాయా, అమ్ముకున్నాడా?"

"కస్టమ్స్ మనిషి రాకముందే మా ఊరి ఆఫీసు నుంచి పెద్ద ఆఫీసరు, హాకిం సాబ్ వచ్చాడు. నేనే దగ్గరుండి చూపించాను. ఎవరివి ఇవి అని అడిగాడు."

"నా పేరు చెప్పావుగా?"

గురుంగ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"లేదు సాబ్. నా పేరు చెప్పాను."

వంటింట్లో మజ్జిగ చిలుకుతున్న చప్పుడు ఆగిపోయింది. మా తమ్ముడి మొహం చూడలేకపోయాను. కోపం వస్తే వాడు అరుస్తాడు, అది నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ నా చేతుల మీదే పెరిగాడు. అప్పుడు అరవలేదు.

"నువ్వా?" అన్నాడు. "ఇంకెవరైనా అయితే సరే. నువ్వా గురుంగ్?"

"ఆగండి సుబేదారు గారూ, తొందరపడకండి" అని భీమేశ్వరరావు గారు పేపరు పక్కన పెట్టారు. "ఏమయ్యా హవల్దార్, నీవని ఎందుకు చెప్పావు?"

"పరదేశివాళ్ళ ఇళ్ళయితే ఇవాళే తాళాలు వేస్తాను అన్నాడు వకీల్ సాబ్. లోపల అద్దెకున్నవాళ్ళు ఉన్నారు. పిల్లతల్లి కూడా ఉంది. ఆమె ఎదురుగానే తలుపుకి వెయ్యడానికి తాళం బయటికి తీశాడు. నాకేమీ తోచలేదు. నావే అనేశాను. రాసుకున్నారు. నాతో వేలిముద్ర కాదు, సంతకమే పెట్టించుకున్నారు."

"చూశావా, నిన్ను కాపాడ్డానికే కదరా" అన్నాను తమ్ముడితో. వాడు నా వైపు చూడలేదు.

భీమేశ్వరరావు గారికి ఇంకేదో పట్టింది. కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నారు. "అది సరేగానీ, ఆ హాకిం వచ్చి ఇళ్ళు అన్నాడా, బండ్లు అన్నాడా?"

"ఇళ్ళు అనే అన్నాడు."

"కింద చక్రాలు కనపడుతూ ఉంటే ఇళ్ళని ఎందుకంటాడయ్యా? ఎవడైనా బండి అంటాడు గానీ."

గురుంగ్ ఒళ్ళో టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"చక్రాలు కనపడకపోవడమేమిటి?" అన్నాడు తమ్ముడు. "ప్రతి నట్టూ నా చేత్తో బిగించి వచ్చాను. గాలి కూడా నేనే చూశాను. అడగండి వాణ్ణి."

గురుంగ్ వంటింటి గుమ్మం వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. ఆ చూపు మేం ముగ్గురం పట్టుకున్నాం. గుమ్మంలో ఉమ నిలబడి ఉంది. చేతులకు వెన్న అంటుకుని ఉంది.

"అతన్నేమీ అనకండి" అంది. "చక్రాలు తీయించింది నేను."

ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఇళ్ళు పెట్టించి తమ్ముడు షెడ్డు పనికని వెనక్కి వచ్చేశాడు. పరదాలు కుట్టించాలి, గిన్నెలు సర్దాలి అని ఉమ ఒక్కతే అక్కడ కొన్నాళ్ళు ఉండిపోయింది. ఆ రోజుల్లో జరిగిన సంగతి మాకెవరికీ చెప్పలేదు.

"తీయించావా? ఎందుకు?" అన్నాడు తమ్ముడు.

"గృహప్రవేశానికి."

"లారీ వెనక కట్టే బండికి గృహప్రవేశమేమిటే!"

"బండి అని మీరంటారు. పరదాలు కుట్టింది నేను. మంచాల మీద దుప్పట్లు పరిచింది నేను. నాకు ఇల్లే" అంది ఉమ. "మంచిరోజు చూసి పొయ్యి వెలిగించాను. పాలు పొంగే వేళకి గురుంగ్ భయ్యా లోపలికి అడుగుపెట్టాడు. ఇల్లంతా ఉయ్యాలలా ఊగి గిన్నె పక్కకి ఒరిగింది. పొంగాల్సిన పాలు నేలపాలయ్యాయి. నా ప్రాణం గిలగిల్లాడింది. గడప చూస్తే నేలకి మూరెడు ఎత్తున వేలాడుతోంది. నేలను తాకని గడపకి పసుపు రాసి ఏం లాభం?"

"స్ప్రింగులు ఉంటే ఊగదా మరి! జాకీ వేసుకుంటే సరిపోయేది కదా!"

"జాకీ సంగతి నాకేం తెలుసు. మీరు చెప్పి వెళ్ళారా?"

"భాభీజీ ఏడ్చారు సాబ్" అన్నాడు గురుంగ్ మెల్లగా. "మా ఇంటి ఆడవాళ్ళు కూడా అశుభం అన్నారు. ఊళ్ళో నలుగుర్ని పిలిచి ఎత్తించాను. చక్రాలు ఊడదీసి, కింద రాయి పేర్చి, చుట్టూ సిమెంటు వేయించాం. రెండో ఇంటికి కూడా. ఆ మర్నాడు పాలు తూర్పుకే పొంగాయి."

"తూర్పుకి పొంగాయిట!" అని తమ్ముడు గోడకేసి అరిచాడు. అప్పుడు వచ్చింది వాడి అసలు గొంతు. "మొత్తం మునిగిపోయాక పాలు ఎటు పొంగితే ఏంటి!"

భీమేశ్వరరావు గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

"సుబేదారు గారూ, చెబుతాను, వినండి. చక్రాలున్నంత కాలం అది బండి. బండి కాబట్టే మీ పేరు మీద సరిహద్దు దాటింది. గడువు లోపల వెనక్కి తేవాలి, లేదా గడువు పెంచుకోవాలి. అంతవరకు బాగుంది. చక్రాలు తీసి, రాయీ సిమెంటూ పెట్టి నేలకు అతికిస్తే అది కట్టడం. కట్టడం నేల ఎవరిదైతే వాళ్ళది. అక్కడ మీకు నేల ఉండటానికే వీల్లేదు, ఇక దాని మీద ఇల్లెక్కడిది?"

"అయితే కస్టమ్సువాళ్ళతో అదే చెబుతాను. బండ్లు లేవు, ఇళ్ళయ్యాయి అని."

"చెబితే, మా అనుమతి లేకుండా బండ్లు మా దేశంలో వదిలేశావు, అమ్ముకున్నావు, సుంకం ఎగ్గొట్టావు అంటారు."

"పోనీ, అవి బండ్లే, చక్రాలు పక్కనున్నాయి, మళ్ళీ బిగిస్తాను అంటాను."

"అప్పుడు హవల్దారు హాకిం ఎదుట అబద్ధం చెప్పి సంతకం పెట్టినట్టు. పైగా అద్దెలు. అలాంటి చిన్న బసలు నడుపుకునే అనుమతి ఆ దేశపువాళ్ళకేనట. మీ ఇళ్ళని తన పేరుతో నడిపించాడని కేసు. అతను జైలుకెళ్ళాలి."

"ఇదెక్కడి చట్టమండీ!" తమ్ముడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఇల్లంటే బండి ఏదంటారు. బండి అంటే ఇల్లెవరిదంటారు. ఒక ఆఫీసువాడు ఇంకో ఆఫీసువాడి మొహం చూడడు. ఏదో ఒకటి వాళ్ళే తేల్చుకుని చెబితే నేను అది ఒప్పుకుని చస్తాను కదా! సర్వీసులో ఎక్కడ ఏ బండి చెడినా బాగుచేశాను. దీన్ని ఎక్కడ పట్టుకుని తిప్పాలో నాకు తెలియడం లేదు."

"బండి అనే చెప్పండి సాబ్" అన్నాడు గురుంగ్. "జైలు అంటే ఏముంది. పొద్దున్నే లేపుతారు, వరసలో నిలబెడతారు, పప్పూ అన్నం పెడతారు. పటాలంలో ఉన్నట్టే. కాకపోతే జీతం ఉండదు."

"నోర్ముయ్" అన్నాడు తమ్ముడు. కళ్ళు ఎర్రబడ్డాయి. నవ్వబోయి నవ్వలేక గురుంగ్ అప్పుడు తాగాడు ఆ నీళ్ళు.

భీమేశ్వరరావు గారు ఉమ వైపు తిరిగారు. గొంతు తగ్గించారు.

"చెల్లెమ్మా, దీన్ని తేల్చే దారి ఒక్కటే ఉందని మా కాట్మండు స్నేహితుడు అన్నాడు. చక్రాలు తీయడం ముఖ్యం కాదు, ఏ ఉద్దేశంతో తీశారన్నది ముఖ్యమట. పూజ కోసం ఒక్కరోజుకి తీశాం, మళ్ళీ బిగించే ఉద్దేశమే అంటే అవి ఇప్పటికీ బండ్లే. ఇళ్ళు మీకు దక్కుతాయి, హవల్దారు ఇరుక్కుంటాడు. అలా కాకుండా, ఇక కదపకూడదు, ఇక్కడే ఉండిపోవాలి అనే వేయించాను అంటే అవి కట్టడాలే. అప్పుడు హవల్దారు చెప్పింది అబద్ధం కాదు. తన నేల మీద ఉన్న ఇల్లు తనది అన్నాడు, అంతే. అతను బయటపడతాడు. ఇళ్ళు మాత్రం పోతాయి. హాకిం శుక్రవారం వీళ్ళిద్దర్నీ రమ్మన్నాడు. వీళ్ళ మాట కంటే నీ మాటే అక్కడ నిలబడుతుంది. వేయించిందానివి నువ్వు కాబట్టి."

తమ్ముడు నెమ్మదిగా అన్నాడు, "ఒక్కరోజుకే అని చెప్పు ఉమా." అని, వెంటనే గురుంగ్ మొహం కనపడి, కింది పెదవి కొరుక్కున్నాడు.

"అవును భాభీజీ, ఒక్కరోజుకే అనండి" అన్నాడు గురుంగ్ కూడా.

"వద్దు. అలా చెప్పకు" అన్నాడు తమ్ముడు మళ్ళీ. "లేదు, చెప్పు. ఏమో నాకు తెలియడం లేదు. అక్కా, నువ్వు చెప్పు."

నన్నడిగితే నేనేం చెబుతాను. ఒకవైపు వీడి బతుకంతా పోసిన ఇళ్ళు. ఇంకోవైపు వీణ్ణే బతికించిన మనిషి.

ఉమ చేతుల వెన్న కొంగుకి తుడుచుకుంది. ఆ అమ్మాయి ఎప్పుడూ అలా చెయ్యదు.

"బావుంది" అంది. "నేనేం చెప్పాలో ముగ్గురూ చెబుతున్నారు. వదినని కూడా చెప్పమంటున్నారు. ఆ రోజు నేనేమనుకున్నానో ఒక్కరైనా అడిగారా?"

"ఇప్పుడదంతా ఎందుకే..."

"ఎందుకా? పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ వెనక ట్రంకుపెట్టెలు సర్దుకుంటూ తిరిగాను. జబల్పూరు క్వార్టరు, సిలిగురి క్వార్టరు, ఇక్కడి కంటోన్మెంటు. ప్రతి గోడకీ సర్కారు నంబరు. మేకు కొట్టాలంటే దరఖాస్తు. ఇదిగో, ఈ వైశాలి ఇల్లు కూడా పరాయివాళ్ళదే. ఒక్కచోట పాలు పొంగించలేదు నేను. షెడ్డులో రెండు ఇళ్ళు కడుతుంటే మీరు చట్రం ఎంత బరువు మోస్తుందా అని చూశారు. నేను పొయ్యి ఎక్కడ పెట్టారా అని చూశాను. కట్టేది మన కోసం కాదని తెలుసు. అయినా చూశాను."

ఆమె లోపలికి వెళ్ళి నీలం సంచీ తీసి రెండు చీరలు పెట్టుకుంది.

"నువ్వెక్కడికి?" అన్నాడు తమ్ముడు.

"పోఖరా. శుక్రవారానికి మీరిద్దరు వెళుతున్నారు. మూడోదాన్ని నేను."

భీమేశ్వరరావు గారు ఇంగ్లీషులో ఏదో గొణుక్కుంటూ చెప్పులేసుకున్నారు. గుమ్మంలో ఆగి నాతో అన్నారు, "అమ్మా, దారిలో వాళ్ళలో వాళ్ళు దెబ్బలాడుకోకుండా చూడండి."

"నేను వెళ్ళడం లేదు నాయనా. ఈ మోకాళ్ళతో ఆ కొండలెక్కడ ఎక్కను."

ఎండ చల్లబడుతుండగా ఆనంద్ విహార్ బస్టాండుకి నలుగురం ఆటోలో వెళ్ళాం. ముగ్గురు పట్టే ఆటో, గురుంగ్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. సరిహద్దులోని సునౌలీ వెళ్ళే రోడ్వేస్ బస్సు అప్పటికే సగం నిండి ఉంది. కండక్టరు తలుపు పట్టుకుని "గోరఖ్‌పూర్, సునౌలీ" అని గొంతు చించుకుంటున్నాడు. పులిహోర డబ్బా కిటికీలోంచి ఉమ చేతికిచ్చాను.

ఆమె కిటికీ పక్కన కూర్చుంది. పక్కన తమ్ముడు. వెనక సీట్లో గురుంగ్, ఒళ్ళో టోపీ. బస్సు స్టార్టు చేశారు. ఆ మోతలో తమ్ముడు భార్య వైపు తిరిగి, నాకు వినపడేంత గట్టిగానే అన్నాడు,

"సరే ఉమా. తప్పు నాదే, ఇప్పుడు అడుగుతున్నాను. సిమెంటు వేయించినరోజు నువ్వేమనుకున్నావు? ఒక్కరోజుకా? ఎప్పటికీనా?"

ఉమ వెనక్కి తిరిగి గురుంగ్‌ని చూసింది. తరవాత మొగుణ్ణి చూసింది.

"అడిగారు కాబట్టి చెబుతాను. అబద్ధమైతే చెప్పను, మీ కోసమూ చెప్పను, భయ్యా కోసమూ చెప్పను" అంది. "కానీ విన్నాక మీ ఇద్దరిలో ఒకరు ఈ బస్సు దిగిపోతారు."

"చెప్పు."

బస్సు కదిలింది. నేను కిటికీ పట్టుకుని నాలుగడుగులు నడిచి, నడవలేక వదిలేశాను. ఉమ పెదవులు కదులుతున్నాయి. ఏమంటోందో పొగలో, హారన్లలో ఒక్క ముక్క కూడా వినపడలేదు. వెనక సీట్లోంచి గురుంగ్ ముందుకు వంగి విన్నాడు. ఆమె చెప్పడం అయిపోయింది.

మా తమ్ముడు సీట్లోంచి లేచి నిలబడ్డాడు. అదే క్షణంలో గురుంగ్ కూడా లేచి, బస్సు ఆపమని డ్రైవరు వైపు చెయ్యి ఊపాడు. ఎవరు దిగడానికి లేచారో, ఎవరు ఆపడానికి లేచారో తెలియకుండానే బస్సు గేటు దాటి మలుపు తిరిగిపోయింది.